గాజుల చంద్రమ్మ ముఖం

హైదరాబాద్,
6 ఫిబ్రవరి 2024

చిన్నాయనకు, చిన్నమ్మకు ప్రవళిక దండాలు.

ఇక్కడ నేనూ అమ్మా బాగున్నాం. మోకాళ్లు నొప్పి అంటూనే అమ్మ పొద్దున్నే పార్కుకు పోయి, నలుగురిని పోగేసి, వాళ్లకేవో కథలు చెప్పి వస్తోంది. చిన్నాయనా, నీకు ఫోన్ చేస్తే "ఆఁ? ఆఁ?" అనడంతోనే సరిపోతుంది. వాట్సాప్ చూడమంటే "గా అద్దం మీద రాసేది రాతేనా" అంటావు. అందుకే ఉత్తరం. ఇక్కడ పోస్టాఫీసు ఎక్కడుందో కనుక్కోవడానికే నాకు ఒక పూట పట్టింది.

అసలు సంగతికి వస్తాను. నేను పనిచేసే ప్రచురణ సంస్థ చిన్నదని నీకు తెలుసు. మా సంపాదకురాలు సింధుజకు పాత బొమ్మల పుస్తకాల పిచ్చి. నలభై అయిదేళ్ల కింద 'కొరివి' అని ఒక దయ్యాల మాసపత్రిక వచ్చేదట. కథలన్నీ బొమ్మల్లోనే. మూడేళ్లు నడిచి ఆగిపోయింది. ఆ సంచికలన్నీ ఆమె ఎక్కడెక్కడో వెతికి తెచ్చింది. వాటిని శుభ్రం చేసి ఒకే సంపుటంగా మళ్లీ అచ్చు వేస్తున్నాం. పాత కాగితం మీద మరకలు తుడిచి, పేజీలు సర్దే పని నాది.

అందులో మంచి కథలు ఎనిమిది. ఎనిమిదింటి కిందా 'బాన్సు' అని సంతకం. ఆయనెవరో ఎవరికీ తెలియదు. నిన్న ఒక పేజీ పెద్దది చేసి చూస్తుంటే దయ్యం అరుపులో 'క్ష' కనబడింది. తోక కొడవలిలా వంగి, కొసన ఒక చిన్న చుక్క. అలాంటి 'క్ష' నేను చూసింది ఒక్కచోటే. మన బస్టాండు ఎదురుగా కిరాణా కొట్టు మీద నువ్వు రాసిన 'లక్ష్మి'లో.

చిన్నాయనా, బాన్సు నువ్వేనా? రెండు పేజీలు జిరాక్స్ తీసి పంపుతున్నాను. చూసి రాయి.

నీ బిడ్డ,
ప్రవళిక


బాన్సువాడ,
13 ఫిబ్రవరి 2024

బిడ్డ ప్రవళికకు ఆశీస్సులు.

నీ ఉత్తరం చేరింది. పోస్ట్‌మన్ దాన్ని నా చేతికివ్వకుండా అటూ ఇటూ తిప్పి చూశాడు. చేత్తో రాసిన చిరునామా చూసి చాలా రోజులైందట.

మేము బాగున్నాం. మావాడు రంజిత్ పెట్టిన ఫ్లెక్సీ దుకాణం బాగా నడుస్తోంది. పొద్దున ఫోటో ఇచ్చిన మనిషి మధ్యాహ్నానికి చౌరస్తాలో వేలాడుతున్నాడు. నేను ఒక్క 'శ్రీ' రాయడానికి గంట తీసుకునేవాణ్ణి. ఇప్పుడు దుకాణంలో నా పని 'శుభాకాంక్షలు'లో తప్పులు దిద్దడం. ఈ ఊళ్లో ఎవరి పుట్టినరోజు ఎప్పుడో నాకు తెలిసినంతగా వాళ్ల పెళ్లాలకు కూడా తెలియదు.

నువ్వడిగిన బాన్సు ఎవరో నాకు తెలియదు. అప్పట్లో ఇక్కడ బోర్డులు రాసేవాళ్లం నలుగురం ఉండేవాళ్లం. 'క్ష' ఎవరైనా రాస్తారు, అక్షరమాలలో ఉన్నదే కదా. దయ్యాల బొమ్మలతో నాకేం పని? మీ తాత సంగతి నీకు తెలుసు, ఇంట్లో దయ్యం అనే మాట కూడా పలకనిచ్చేవాడు కాదు.

అమ్మను అడిగానని చెప్పు.

ఇట్లు,
రాజారాం

తాజా కలం: నువ్వు పంపిన రెండో పేజీ, నాలుగో గడిలో చంద్రమ్మ చేతికి పన్నెండు గాజులుంటాయి. కింది నుంచి మూడోది విరిగి ఉండాలి. మీరు దాన్ని అచ్చుతప్పు అనుకుని గీత కలిపేశారు. ఆ విరిగిన గాజు లేకపోతే కథే లేదు. వెంటనే సరిచేయండి.


హైదరాబాద్,
19 ఫిబ్రవరి 2024

చిన్నాయనా,

నీ తాజా కలం ఆఫీసులో గట్టిగా చదివాను. సింధుజ కుర్చీలోంచి లేచి చప్పట్లు కొట్టింది. దయ్యాలతో పని లేని మనిషికి పన్నెండు గాజుల లెక్కా తెలుసు! గీత విడదీశాను, శాంతించు.

నాకెంత గర్వంగా ఉందో రాయలేను. ఆ కథలు మూడేసి సార్లు చదివాను. అన్నిట్లోకీ 'గాజుల చంద్రమ్మ'. ఊరూరా తిరిగి గాజులమ్మే మనిషి జుక్కల్ దారిలో దిగుడు బావిలో పడి చనిపోతుంది. ఆ తర్వాత ఆ దారిన పోయే బండ్లను చెయ్యి చాపి ఆపుతుంది. విరిగిన గాజు చూపి ఒకే ప్రశ్న అడుగుతుంది: "గిది ఇరగ్గొట్టిందెవరు?" అబద్ధం చెప్పినవాడు ఇంటికి పోయి చూసుకుంటే చేతికి మట్టిగాజు, ఎంత లాగినా రాదు. భుజాల దాకా గాజులతో పటేలు గొంగళి కప్పుకుని పంచాయతీకి వచ్చే బొమ్మ చూసి నవ్వాను, నవ్వి భయపడ్డాను.

ఒక్కటి అడుగుతాను. మిగతా దయ్యాలన్నీ దయ్యాల్లాగే ఉన్నాయి. చంద్రమ్మను మాత్రం ఎవరో ఎదురుగా కూర్చుంటే చూసి గీసినట్టుంది. అంత కోపంలోనూ నవ్వు ఆపుకుంటున్నట్టుండే ఆ మూతి! అంత ప్రేమగా గీశావంటే చిన్నమ్మే కదూ? చిన్నమ్మకు కూడా చూపించు, మురిసిపోతుంది.

అచ్చు వేసుకోవడానికి నీ అనుమతి కాగితం ఇందులో పెడుతున్నాను. పుస్తకం మీద 'రాజారాం' అని అసలు పేరు వేద్దామా?

నీ బిడ్డ,
ప్రవళిక


బాన్సువాడ,
27 ఫిబ్రవరి 2024

బిడ్డా,

ఎంత పని చేశావు! నాకు చెవులు పోయాక ఈ ఇంటికి వచ్చే ప్రతి కాగితం ముందు మీ చిన్నమ్మ చేతిలో పడుతుందని నీకు తెలియదా? నీ ఉత్తరం ఆమే విప్పింది. మురిసిపోలేదు.

మామూలుగా ఆమె నాతో అరిచి మాట్లాడుతుంది. ఆ రోజు కాగితం మీద రాసి నా ముందు పెట్టింది. రాసిందంటేనే సంగతి పెద్దదని అర్థమైంది. "నేను గీ ఇంట్లకొచ్చింది ఎనభై నాలుగుల. గీమె డెబ్బై తొమ్మిదిల ఉన్నది. ఎవరీమె?"

ఊహించి గీశానన్నాను. కింద ఇంకో వరస రాసింది. "ఊహకు ముక్కుపుల్ల గంత సక్కగ ఎట్ల కుదిరె?"

పొద్దున మా వాకిట్లో కూర్చుని బీడీలు చుట్టే ఆడవాళ్లకు ఈ సంగతి ఎట్లా చేరిందో చెప్పనవసరం లేదు. ధర్మిని నువ్వెరుగుదువు కదా, తండా నుంచి వచ్చి వీళ్లతో చుట్టుకుంటుంది, ఆమె నన్ను చూసి "గిదేంది రాజన్నా, గిన్నేండ్లకు బయటపడ్డవు!" అంది. వినబడలేదు కానీ పెదవులు చూస్తే అర్థమైంది. మీ చిన్నమ్మ ఆ జిరాక్స్ కాగితం చేతిలో పట్టుకుని, సంతలో ఎదురైన ప్రతి ముసలామె ముఖంతో పోల్చి చూస్తోందని రంజిత్ చెప్పాడు.

సరే, బాన్సును నేనే. దాచి ఏం లాభం? ఏడు కథలు వేసుకోండి. నా పేరూ వేయండి. కానీ చంద్రమ్మ కథ తీసేయాలి. ఆ ముఖం గురించి నేనొకరికి మాట ఇచ్చాను. అంతకంటే అడగకు.

అనుమతి కాగితం మీద సంతకం చేసి పంపుతున్నాను. చంద్రమ్మ పేరు నేనే కొట్టేశాను.

ఇట్లు,
రాజారాం


హైదరాబాద్,
5 మార్చి 2024

చిన్నాయనా,

చిన్నమ్మ కోపానికి కారణం నేనే కాబట్టి ముందు ఆమెకు క్షమాపణ. విడిగా ఒక కార్డు రాశాను. అందులో నేనేమీ ఊహించలేదని ఒట్టు పెట్టాను.

నీకు మాత్రం నిజం చెప్తాను, ఊహించాను. పెళ్లికి ముందు నీ మనసులో ఎవరో ఉన్నారు. అందులో తప్పేముంది? ఆమె ఇంకా ఉన్నారా? ఏ ఊరు? చెప్తే నేనే పోయి, కాళ్లు పట్టుకుని అనుమతి అడుగుతాను. చంద్రమ్మ లేకుండా ఈ సంపుటం వేస్తే పెళ్లికూతురు లేని పెళ్లి చేసినట్టే అని సింధుజ నెత్తి మీద చేతులు పెట్టుకుంది. అట్ట మీద వేయాలనుకున్నది కూడా చంద్రమ్మ బొమ్మే.

ఇంకొక సంగతి. మొన్న ఆదివారం ఆ పేజీలు ఇంట్లో బల్ల మీద పరుచుకుని పని చేస్తున్నాను. అమ్మ పార్కు నుంచి వచ్చి చూసింది. తర్వాత ఒక్కొక్క పేజీ బోర్లించి, పైన పప్పు డబ్బా పెట్టింది. "గీ పుస్తకం గురించి నన్నేం అడుగకు" అని లోపలికి పోయింది. మధ్యాహ్నం అన్నం తినలేదు.

అమ్మకు నీ మీద పాత కోపం ఇంకా పోలేదనుకుంటా. చిన్నప్పటి నుంచీ చూస్తున్నాను. పెళ్లిళ్లలో కలిసినా మీ ఇద్దరూ "మంచిగున్నవా" అంటే "మంచిగున్న" అని చెరో దిక్కు పోతారు. ఇంట్లో కూర్చుని దయ్యాలు గీశావనా ఆ కోపం? నాకు చెప్పే మనిషి నాన్న కూడా లేడు.

నీ బిడ్డ,
ప్రవళిక


బాన్సువాడ,
12 మార్చి 2024

బిడ్డా ప్రవళికా,

వదినెకు కోపమొచ్చిందని రాశావు. ఇక మాట లేదు. చంద్రమ్మనే కాదు, నా ఎనిమిది కథలూ తీసేయండి. సంతకం చేసిన కాగితం చింపేయి. సింధుజకు నా తరఫున క్షమించమని చెప్పు. బాన్సు అనేవాడు ఎనభై ఒకటిలోనే బొమ్మలు మానేశాడు, అతన్ని అక్కడే ఉండనీ.

మీ అమ్మను వేళకు తినమను.

రాజారాం


హైదరాబాద్,
21 మార్చి 2024

చిన్నాయనా,

కాగితం చింపలేదు. చింపను కూడా. ఎందుకో చదువు.

నిన్న అమ్మను మోకాళ్ల డాక్టరుకు చూపించి బయటికి వచ్చాను. ఎండ మండుతోంది. ఒక్క ఆటో ఆగదు. నేను ఫోన్‌లో బుక్ చేస్తున్నాను, వస్తానన్నవాడు రద్దు చేస్తున్నాడు. అమ్మ నా చెయ్యి విడిపించుకుని రోడ్డు మీదికి ఒక అడుగు వేసింది. ఎడమ చెయ్యి చాచి "థాంబ్ రే!" అని అరిచింది. నాన్న పోయినప్పుడు గాజులు తీయమన్నవాళ్లను గుమ్మం దాటనివ్వని మనిషి కదా, ఆ గాజులన్నీ ఒక్కసారిగా మోచేతి దాకా జారాయి. ఆటో ఆగింది. వెనక వస్తున్న సిటీ బస్సు కూడా ఆగింది.

నెలన్నరగా రోజూ చూస్తున్న బొమ్మ అది. అదే చెయ్యి, అదే మూతి. చంద్రమ్మ బండ్లను ఆపేదీ ఆ మరాఠీ మాటతోనే. జుక్కల్ వైపు మాట అనుకున్నాను కానీ, జుక్కల్ నుంచి బాన్సువాడకు కోడలై వచ్చినామె మా ఇంట్లోనే ఉందని తట్టలేదు.

ఆటోలో అడిగాను. "అమ్మా, చంద్రమ్మ నువ్వేనా?"

"మెల్లగ మాట్లాడు, ఆటోయన వింటుండు" అంది.

ఇంటికి వచ్చాక చెప్పింది. పందొమ్మిదేళ్ల కొత్త కోడలు. తాత దుకాణానికి పోయాక పెరట్లో నీళ్ల తొట్టి దగ్గర కూర్చుని, వాళ్ల అవ్వ దగ్గర విన్న దయ్యాల కథలు నీకు చెప్పేదట. నువ్వు గీసేవాడివట. చంద్రమ్మకు మాత్రం తానే కూర్చుందట, తలస్నానం చేసి జుట్టు ఆరబెట్టుకుంటున్నట్టు. "బొమ్మలు రాజారాంవి. కథలు నావి. ఎనిమిదీ నావే" అంది. ఆ మాట అంటున్నప్పుడు ఆమె గొంతు నేనెప్పుడూ వినని గొంతు.

"మరి పేజీలెందుకు బోర్లించావు, కోపమా?" అంటే "నాకెందుకు కోపం? కోపం ఉండాల్సింది ఆయనకు" అంది. నీ ఉత్తరం చూపించాను. మొత్తం చదివి, మడిచి ఇచ్చింది. "సూసినవా? నా పేరు ఇనంగనే అన్నీ తీసెయ్యమన్నడు. ఇగ నా మొఖం సూడడాయన."

మీ ఇద్దరిలో ఎవరికి ఎవరి మీద కోపమో నాకు అర్థం కావడం లేదు.

పొద్దున లేచి చూసేసరికి అమ్మ చీర కట్టుకుని, చేతిసంచి సర్దుకుని, ఆధార్ కార్డు పట్టుకుని తయారుగా ఉంది. ఆడవాళ్లకు బస్సు ఉచితం అయ్యాక ఆమెకు ఎవరినీ అడిగే పని లేదు. రంజిత్‌కు ఫోన్ చేస్తానంటే వద్దని ఒట్టు పెట్టించుకుంది. జూబ్లీ బస్టాండులో బాన్సువాడ బస్సు ఎక్కించి, అక్కడి నుంచి నేరుగా ఆఫీసుకు వచ్చి ఇది రాస్తున్నాను. ఇది నీకు చేరేలోపు ఆమె చేరుతుంది. ఏం జరిగిందో వెంటనే రాయి. నాకు ఇక్కడ పని మీద చెయ్యి ఆడటం లేదు.

నీ బిడ్డ,
ప్రవళిక


బాన్సువాడ,
26 మార్చి 2024

బిడ్డ ప్రవళికకు,

మీ అమ్మ క్షేమం. రెండు పూటలా తింటోంది. నీ ఉత్తరం నిన్న వచ్చింది, అప్పటికే ఇక్కడ అంతా అయిపోయింది. మొదటి నుంచి రాస్తాను.

గురువారం మధ్యాహ్నం మీ చిన్నమ్మ, ధర్మి, మరో ఇద్దరు వాకిట్లో చాటలు ఒళ్లో పెట్టుకుని బీడీలు చుడుతున్నారు. నేను లోపల రంజిత్ పంపిన శుభాకాంక్షలు దిద్దుతున్నాను. ఆటో దిగి వదినె వచ్చింది. జిరాక్స్ కాగితం ఆకుల కట్ట పక్కనే, రాయి కింద ఉంది. వదినె దాన్ని చూసింది, మీ చిన్నమ్మను చూసింది. గద్దె మీద కూర్చుని, కొప్పు విప్పి, జుట్టంతా ముఖం మీదికి వేసుకుంది.

"సూడు వనితా! నువ్వు దేవులాడే దయ్యాన్ని నేనే."

ధర్మి చాట జారిపోయి చుట్టిన బీడీలన్నీ మట్టిలో పడ్డాయి. మీ చిన్నమ్మ కాగితం తీసి ముఖం పక్కన పెట్టి చూసింది. "నువ్వా అక్కా! నెల దినాల సంది ఊళ్ల ముసలోళ్లందరి మొఖాలు సూసుకుంట తిరిగిన. కిరాణం తారాచంద్ వాళ్లవ్వను ముక్కుపుల్ల తీసి సూపియ్యమని గూడ అడిగిన!" అంది. ఈ మాటలన్నీ మీ చిన్నమ్మ తర్వాత రాసి చూపిస్తే తెలిశాయి, అప్పుడు మాత్రం అందరూ పడీ పడీ నవ్వడం కిటికీలోంచి చూశాను. ఏమైందో తెలియక బయటికి వచ్చాను. నన్ను చూడగానే వదినె నవ్వు ఆపేసింది.

ఎనభై ఒకటిలో ఏం జరిగిందో నీకు చెప్పినవాళ్లు లేరు. మీ తాత దుకాణానికి వచ్చిన ఒకాయన 'కొరివి' సంచిక ముందర పడేసి, "సేటూ, గీ దయ్యం మీ కోడలు లెక్కనే ఉన్నదేంది?" అన్నాడు. తాత ఇంటికి వచ్చి అందరినీ నిలబెట్టాడు. వదినె వణికిపోతోంది. నేనే ముందుకొచ్చి, ఆమెకు తెలియకుండా చూసి గీశానని చెప్పాను. ఆ మాట ఎట్లా వినబడుతుందో అప్పుడు నాకు తట్టలేదు. కొత్తకోడలు తల ఆరబెట్టుకుంటుంటే చాటుగా చూసినవాడినయ్యాను. తాత నా రంగుల డబ్బాలన్నీ వీధిలోకి విసిరాడు, నన్ను ఇంట్లోంచి పొమ్మన్నాడు. బస్టాండు దగ్గర గది తీసుకుని బోర్డులు రాసుకోవడం మొదలుపెట్టాను. పోయేముందు వదినెకు సైగ చేశాను, నోరు విప్పొద్దని. నేనిచ్చిన మాట అదే. చచ్చినా ఆమె పేరు రానివ్వనని.

మీ నాన్న మూడేళ్లు నాతో మాట్లాడలేదు. ఒకరోజు తనే నా గదికి వచ్చాడు. చేతిలో ఎర్రరంగు డబ్బా. "మన దుకాణం బోర్డు వెలిసిపోయింది. రాస్తవా?" అన్నాడు. అంతే. రాశాను. కాలం గడిచి కోపం చల్లారిందనుకున్నాను.

గురువారం నాడు వదినె నా ఎదురుగా కూర్చుని మాట్లాడింది. చాలాసేపు మాట్లాడింది. చేతులు తిప్పింది, కొంగుతో కళ్లొత్తుకుంది, మళ్లీ మాట్లాడింది. నేను తల ఊపుతూనే ఉన్నాను. అంతా అయ్యాక అడిగాను.

"ఏమన్నవు వదినె?"

ధర్మి మళ్లీ నవ్వాపుకోలేకపోయింది. మీ చిన్నమ్మ లోపలికి పోయి క్యాలెండర్ కాగితం ఒకటి చింపుకొచ్చి, వెనక రాసింది. "నాడు మామ ముందట నోరు విప్పనందుకు తప్పయిందంటుంది."

"గిదేనా?" అన్నాను. "నేనే కదా వద్దన్నది."

అప్పుడు వదినె మీ చిన్నమ్మ చేతిలోంచి కలం తీసుకుని తానే రాసింది. "మీ అన్నకు చెప్పిన. మూడేండ్లు భయపడి, గప్పుడు చెప్పిన. తెల్లారే రంగు డబ్బా కొనుక్కొని నీ దగ్గరికొచ్చిండు."

ఆ కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాను బిడ్డా. మీ నాన్న తెలిసే వచ్చాడు. తెలిసీ, నన్ను ఒక్క మాట కూడా అడగకుండా, నా చేత బోర్డు రాయించాడు. అటు తర్వాత ముప్పై ఏళ్లకు పైగా ఆ దుకాణం ముందు నుంచి పోతూ ఆ బోర్డు చూశాను. ఎందుకు రాయించాడో ఇప్పుడు తెలిసింది.

పేజీలు ఎందుకు బోర్లించావని నేను కూడా అడిగాను. దానికి వదినె మీ చిన్నమ్మ భుజం మీద తల పెట్టి నవ్వింది. ఏమందో మీ చిన్నమ్మ నాకు చెవిలో అరిచి చెప్పింది: "గంత సక్కగుంటినా నేను, అని ఏడుపొచ్చిందంట!"

చంద్రమ్మను వేసుకోండి. అట్ట మీదే వేయండి. కానీ బాన్సు ఒక్కడి పేరు వేస్తే ఒప్పుకోను. కథలు ఎవరివో ముందు వేయాలి, బొమ్మలు ఎవరివో తర్వాత.

ఆశీస్సులతో,
చిన్నాయన


హైదరాబాద్,
9 ఏప్రిల్ 2024

చిన్నాయనా,

నీ ఉత్తరం ఆఫీసులో చదవడం మొదలుపెట్టి, ఎర్రరంగు డబ్బా దగ్గర ఆగిపోయాను. మిగతాది సింధుజ చదివింది. నాన్న అట్లాంటివాడని నాకు తెలుసు. అంతటివాడని తెలియదు.

పుస్తకం అచ్చుకు పోయింది. లోపలి పేజీలో 'కథలు: లలితమ్మ, జుక్కల్. బొమ్మలు: రాజారాం, బాన్సువాడ' అని పక్కపక్కనే వేశాం. అమ్మకు ఫోన్‌లో చదివి వినిపిస్తే, "నా పేరు కింద గీత గీస్తరా?" అని అడిగింది. గీశాను. నీ పేరు కింద కూడా గీశాను, అలగకు.

వారం అని పోయిన అమ్మ మూడో వారం కూడా అక్కడే ఉంది. ఇక్కడ పార్కులో ఆమె బృందం రోజూ నన్ను ఆపి అడుగుతోంది. సగంలో ఆపిపోయిన కథేదో ఉందట, మిగతా సగం నన్ను చెప్పమంటున్నారు. నాకేం తెలుసు? ఎప్పుడు పంపిస్తావు?

నీ బిడ్డ,
ప్రవళిక


బాన్సువాడ,
14 జూన్ 2024

బిడ్డ ప్రవళికకు,

పుస్తకాల పార్సిలు నిన్న బస్సులో వచ్చింది. అచ్చు బాగుంది. నలుపు నల్లగా పడింది, మా రోజుల్లో పడేది కాదు. అప్పట్లో దయ్యాలన్నీ బూడిద రంగులో వచ్చి, జ్వరం వచ్చినవాళ్లలా ఉండేవి. చంద్రమ్మ గాజులు లెక్కపెట్టాను. సరిగ్గా ఉన్నాయి.

రంజిత్ మాకు చెప్పకుండా ఒక పని చేశాడు. అట్ట మీది బొమ్మను పదిహేనడుగుల ఫ్లెక్సీ వేసి, చౌరస్తాలో రెండు పుట్టినరోజుల మధ్య కట్టాడు. పొద్దున్నుంచీ వాహనాలన్నీ అక్కడికి రాగానే మెల్లగా పోతున్నాయి. చెయ్యి చాపి ఆపుతున్నట్టుంది కదా, నిజాంసాగర్ నుంచి వచ్చిన ట్రాక్టరువాడు నిజంగానే ఆపి, ఏం కావాలని అడిగాడట. ట్రాఫిక్ చూసే పోలీసాయన "గీ ఫ్లెక్సీ ఉంటే నేనెందుకు" అని నీడకు పోయి కూర్చున్నాడు. కింద పేర్లు చూసి వదినెను చూడటానికి జనం వస్తున్నారు. పెద్ద కొడప్‌గల్ నుంచి భద్రయ్య అని అరవై ఏళ్ల రైతు వచ్చాడు. చిన్నప్పుడు ఆ కథ చదివి ఏడాది పాటు అబద్ధం ఆడలేదట. "గా ఏడాదంత మా బాపు చేతుల తన్నులు తిన్ననమ్మా, నీ దయవల్ల" అని దండం పెట్టాడు. వదినె అతనికి చాయ్ పోయించి, పుస్తకం మీద పెద్ద అక్షరాలతో సంతకం చేసి ఇచ్చింది. ఆమె సంతకం చేయడం నేనెప్పుడూ చూడలేదు. బాగా నేర్చుకుంది, రోజంతా అదే పని.

ఆమెను ఎప్పుడు పంపుతావని మళ్లీ అడిగావు. నా చేతిలో లేదు. ఇక్కడ ఒక పని నడుస్తోంది. వారం నుంచి వదినె కొత్త కథ చెప్తోంది. పొద్దున పది గంటలకు బీడీల వాళ్ల మధ్య కూర్చుని మొదలుపెడుతుంది. నాకు వినబడదు కాబట్టి మీ చిన్నమ్మ పక్కన కూర్చుని నోటుబుక్కులో రాసి, పేజీ నింపగానే చింపి నాకిస్తుంది. నేను గీస్తున్నాను. చెయ్యి మునుపటిలా నిలవదు, గీత గీతకూ ఆగాల్సి వస్తోంది. అయినా గీస్తున్నాను. పన్నెండు పేజీలయ్యాయి.

ఒక్కటే అనుమానం. వదినె చెప్పేది చెప్పినట్టు మీ చిన్నమ్మ రాయడం లేదు. వదినె దయ్యాలు నాకు తెలుసు. అవి చెరువు గట్టున కూర్చుని, పోయే వచ్చే వాళ్ల బాగోగులు అడగవు. ఎండలో తిరగొద్దని చెప్పవు. నిన్న వచ్చిన పేజీలో దయ్యం చింతచెట్టు మీంచి దిగి, నూనె రాసుకుని, చక్కగా జడ వేసుకుని, కనకాంబరాలు పెట్టుకుని మనిషి పీక పట్టుకోవడానికి బయల్దేరింది. ఇదేమిటని అడిగితే, మీ చిన్నమ్మ అరవలేదు, రాసింది. "ఆడమనిషి ఇంట్లకెళ్లి బయటికి పోంగ తల దువ్వుకోకుంట పోతదా?"

వదినెకు ఆ కాగితం చూపించాను. చదివింది. తర్వాత నా చేతిలోంచి పెన్సిలు తీసుకుని, పూల పక్కన ఇంకో రెండు పూలు తానే గీసింది.

అందుకని జడ వేసే గీశాను. ఇందులో పెడుతున్నాను. భయం తగ్గిందో పెరిగిందో చూసి రాయి.

నీ చిన్నాయన,
రాజారాం